ఒకసారి ఇచ్చిన నంబరు

రోగుల రికార్డులు చూసే పనిలో ముప్పై ఏళ్లు ఉన్నాను. దాదాపు ఇరవై ఏళ్లు రిజిస్టర్లతో, మిగిలినవి కంప్యూటర్‌తో. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను చూడగానే అడిగే మాట ఒకటే: “ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలె మేడం?” ఏదైనా నేర్చుకోండి, ముందు మనిషికి నంబరు ఇవ్వడం నేర్చుకోండి అంటాను. నవ్వుతారు. అందులో నేర్చుకునేదేముంది, ఒకటి తర్వాత రెండు, అంతే కదా అంటారు.

నేనూ అలాగే అనుకున్నాను. నా కింద పనిచేసినవాళ్లూ, నా పైనున్నవాళ్లూ అలాగే అనుకున్నారు. ముప్పై ఏళ్లలో నన్ను ఇది విసిగించినంతగా విసిగించిన విషయం ఇంకొకటి లేదు. డాక్టర్లతో, అధికార్లతో వాదించీ వాదించీ నా గొంతు పోయింది. అందుకే ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు పక్కన పెట్టి ఈ నంబరు సంగతి ఒక్కటే రాస్తున్నాను. ఇందులో అందరికంటే పెద్ద తప్పు చేసింది నేనే. అది కూడా రాస్తాను.

రిజిస్టరు రోజులు

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు మూతపడ్డాయి. నా డిగ్రీ చివరి ఏడాది అలా మధ్యలో ఆగింది. మా బాపు కరీంనగర్ మెథడిస్టు చర్చిలో సంఘపెద్ద. ఇంట్లో ఊరికే కూర్చోవడమెందుకని, తెలిసినవాళ్ల ద్వారా ఒక ట్రస్టు దవాఖానలో చేర్పించాడు. క్షయ రోగులకు మందులిచ్చే దవాఖాన అది. పెద్దాఫీసు కరీంనగర్‌లో, పని ఎక్కువగా ఉట్నూర్ వైపు. నన్ను ఉట్నూర్ పంపారు. కాలేజీ తెరవగానే తిరిగి వెళ్దామనుకున్నాను. వెళ్లలేదు.

అక్కడి రికార్డు గదిలో సైమన్ అనే పెద్దాయన ఉండేవారు. నాకు పని నేర్పింది ఆయనే. నేర్పింది కూడా తక్కువే. కొత్త రోగి వస్తే పెద్ద రిజిస్టరులో తర్వాతి వరుసలో పేరు రాయాలి. ఆ వరుసకు ముందే అచ్చేసి ఉన్న నంబరునే కార్డు మీద రాసి చేతికివ్వాలి. రోగి చనిపోయినా, ఊరు విడిచిపోయినా, పొరపాటున రెండుసార్లు రాసినా ఆ వరుస మీద ఎర్ర సిరాతో ఒక గీత. అంతే.

“గీత గియ్యి బిడ్డా, చింపకు. ఎవ్వలి నంబరు ఇంకొకలకు ఇయ్యకు” అనేవారు.

ఎందుకని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. తెలియకుండానే సరైన పని ఏళ్ల తరబడి చేశాను. అందుకే కంప్యూటర్ రాగానే అంత తేలిగ్గా వదిలేశాను.

పచ్చ అక్షరాల పెట్టె

ఎనభైల చివర్లో ట్రస్టువాళ్లు ఉట్నూర్‌కు ఒక కంప్యూటర్ పంపించారు. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ఇంగ్లీషు తప్ప మరొకటి రాదు. దాన్ని నడపడానికి నన్ను హైదరాబాద్ పంపి ఆరు వారాలు శిక్షణ ఇప్పించారు. అక్కడ నేర్పింది డీబేస్ అనే, వివరాలు పట్టికలుగా దాచే ప్రోగ్రాం. అప్పట్లో చిన్న ఆఫీసులన్నిటికీ అదే.

అందులో పేరు, ఊరు, కఫం పరీక్ష ఫలితం, ఇచ్చిన మందులు అన్నీ ఒక్కో వరుసగా ఎక్కించాలి. ప్రతి వరుసకూ అది తనంతట తానే ఒక నంబరు చూపిస్తుంది. దాన్ని రికార్డు నంబరు అంటారు. నాకు భలే సంబరమైంది. నేను నంబరు వేయక్కర్లేదు, యంత్రమే వేస్తుంది, తప్పు జరగదు. ఆ నంబరునే కార్డుల మీద రాయడం మొదలుపెట్టాను. పాత రోగులకు కూడా కొత్త కార్డులిచ్చేశాను.

ఇక్కడే ఆగి చెబుతాను, ఎందుకంటే ఇదే తప్పును ఆ తర్వాత కనీసం పది ఆఫీసుల్లో చూశాను. డీబేస్ చూపించే ఆ నంబరు మనిషిది కాదు. ఫైలులో ఆ వరుస ఎన్నో చోట ఉందో చెప్పే అంకె. బస్సులో సీటు నంబరు లాంటిది. ముందు కూర్చున్న ముగ్గురు దిగిపోతే వెనకవాళ్లు జరిగి కూర్చుంటారు. సీటు నంబరు అదే, మనిషి వేరు.

శిక్షణలో ఇది చెప్పలేదా అంటే, చెప్పారు. నోట్సులో నా చేతిరాతతోనే ఉంది. రాసుకున్నాను, అర్థం చేసుకోలేదు.

ముగ్గురిని తీసేసిన రోజు

అప్పుడు మా సూపరింటెండెంటు డాక్టర్ నర్సింగరావు. మంథని దగ్గర పెద్ద వ్యవసాయ కుటుంబం వాళ్లది. ఏజెన్సీకి ఎవరూ రానన్నప్పుడు కోరి వచ్చిన మనిషి. మంచివాడు, కానీ తొందర. మందులకు రానివాళ్లకు కంప్యూటర్ నుంచి పేర్లు తీసి పోస్టుకార్డులు రాసే పద్ధతి ఆయనే పెట్టించారు. ఒకరోజు నన్ను పిలిచారు. మొహం ఎర్రగా ఉంది.

“సుగుణమ్మా, ఇదేం పని? చచ్చిపోయినాయనకు మందులకు రమ్మని కార్డు రాస్తరా? ఆయన కొడుకు గా కార్డు పట్టుకొని అచ్చి నా ముందట కూసొని ఏడ్చిండు.”

“చనిపోయినట్టు గుర్తు పెట్టే చోటు అందులో లేదు సార్. పెట్టిస్తాను.”

“గుర్తులు గిర్తులు ఏమొద్దు. తీసెయ్యుండ్రి. చచ్చిపోయినోళ్ల పేర్లు మనకెందుకు?”

కాదనలేదు. ఆయన కోపంలో ఉన్నారు, తప్పు మాది. వెళ్లి కూర్చుని, అప్పటికి చనిపోయినట్టు తెలిసిన ముగ్గురి వరుసలూ తొలగించాను. డీబేస్‌లో తొలగించినంత మాత్రాన వరుస పోదు, కొట్టివేత గుర్తు పడుతుంది. నిజంగా పోవాలంటే ‘ప్యాక్’ అనే ఆజ్ఞ ఇవ్వాలి. ఇచ్చాను. ముగ్గురూ పోయారు. వాళ్ల తర్వాత ఉన్న వందలమంది బతికున్నవాళ్లు తలా మూడు చోట్లు ముందుకు జరిగారు. చేతుల్లోని కార్డుల మీద మాత్రం పాత నంబర్లే ఉన్నాయి.

డాక్టరు గారికి పని అయిందని చెప్పాను. శభాష్ అన్నారు.

మీసాల మనిషి

రెండున్నర నెలలు నాకేమీ తెలియలేదు. మందుల కిటికీ దగ్గర గంగారాం అనే కాంపౌండర్ ఉండేవాడు. బోథ్ మనిషి. కార్డు తీసుకుని, నంబరు కొట్టి, తెర మీద ఉన్నది చూసి మందులిచ్చేవాడు. ఒకరోజు వాడికి జ్వరమొస్తే కిటికీలో నేను కూర్చున్నాను. మొదట వచ్చిన మనిషికి గుబురు మీసాలు. కార్డు ఇచ్చాడు. నంబరు కొట్టాను. తెర మీద ఒక ఆడమనిషి పేరు వచ్చింది.

మళ్లీ కొట్టాను. అదే పేరు. రెండో రోగి కార్డు కొట్టాను. వేరే ఊరి ముసలాయన వచ్చాడు. మూడో కార్డు కొట్టేలోపలే నాకు విషయం అర్థమైంది. కిటికీ మూసి, గంగారాం ఉన్న గదికి నడిచి వెళ్లాను. దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు.

“గంగారాం, నంబర్లు తప్పు చూపిస్తున్నాయి. నీకు తెలుసా?”

“ఎరికే అక్కా. శానా దినాలాయె. మూడు తక్కువ కొడితె సరిగ్గ వస్తది. నేను పేరు జూసి, పైకి కిందికి ఎతుక్కొని ఇస్తున్న.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీ కంప్యూటర్ను తప్పంటె నువ్వు కోపానికొస్తవని చెప్పలే.”

నిజంగానే కోపానికొచ్చేదాన్ని. ఆ యంత్రం వచ్చినప్పటి నుంచి దాని మీద నేను ఎవరి మాటా పడనిచ్చేదాన్ని కాదు. పిల్లలకు చెప్పేదేమిటంటే, మీ పనిలో తప్పుంటే ముందు తెలిసేది కిటికీ దగ్గర కూర్చున్నవాడికి. వాడు మీకు చెప్పడానికి జంకుతున్నాడంటే ఆ తప్పు కూడా మీదే.

పేరు చూసి ఇచ్చాడు కాబట్టి చాలామంది బతికిపోయారు అనుకున్నాను. మరి పేరు కూడా ఒకటే అయితే? ఆ ఆలోచన రాగానే, ముగ్గురిని తీసేయకముందు జాబితా నకలు దాచిన ఫ్లాపీ బయటికి తీశాను. పాత జాబితా, కొత్త జాబితా కాగితాల మీద అచ్చుతీసి, స్కేలు పెట్టుకుని ఒక్కో పేరూ చూసుకుంటూ పోయాను. సాయంత్రానికి దొరికింది. పాత జాబితాలో నాలుగు వందల పన్నెండు: ఆత్రం జంగుబాయి, మందులు వాడుతోంది. నాలుగు వందల పదిహేను: ఆత్రం జంగుబాయి, అదే ఊరు, కఫంలో క్రిములు లేవు, మందులు అక్కర్లేదు. ఊళ్లో శిబిరం పెట్టినప్పుడు ఇద్దరూ ఒకే వరుసలో, ముగ్గురి తేడాతో నిలబడ్డారు.

కొత్త జాబితాలో నాలుగు వందల పన్నెండు కొడితే జబ్బు లేని జంగుబాయి వస్తోంది.

గంగారాంను అడిగాను. గుర్తుంది వాడికి. “వచ్చింది అక్కా, రెండు నెల్లు అయింది. తెర మీద జబ్బు లేదని పడ్డది. దగ్గు గూడ లేకుండె. నయమైనట్టుందనుకొని, నీకు జబ్బు లేదు పో అన్న. మస్తు ఖుషీ అయింది. కాళ్లు మొక్కబోయింది.”

రెండు నెలలు మందులు వాడితే దగ్గు తగ్గుతుంది. జబ్బు తగ్గదు. అప్పుడు ఆపితే ముదిరి తిరిగి వస్తుంది. దవాఖానలో బల్లలు తుడిచేవాళ్లకు కూడా తెలిసిన సంగతి ఇది.

ఇద్దరు జంగుబాయిలు

మర్నాడు పొద్దున్నే దవాఖాన జీపులో బయలుదేరాను. డ్రైవరుతో పాటు డాక్టరు గారు కూడా వచ్చారు. దారిలో ఆయన ఒక్కసారే మాట్లాడారు.

“రిపోర్టుల కంప్యూటర్ తప్పని రాద్దాం. ఎవ్వలు అడగరు.”

“కంప్యూటర్ తప్పు చేయలేదు సార్. మనం చెప్పిందే చేసింది. తీసేయమన్నది మీరు, తీసేసింది నేను.”



వాగు దగ్గర జీపు ఆపి నడిచాం. జంగుబాయి ఇంటి ముందు జొన్నలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేవబోయి దగ్గింది. ఆ దగ్గు వినగానే డాక్టరు గారు నా వైపు చూశారు. ఆమె భర్త భీంరావు లోపలి నుంచి వచ్చాడు. నేను చెప్పగలిగినంత చెప్పాను. జబ్బు లేదన్నది పొరపాటు, మళ్లీ మందులు మొదలుపెట్టాలి అన్నాను.

“గప్పుడు బీమారి లేదంటిరి” అన్నాడు భీంరావు. “మేము ఊర్లె అందరికి బెల్లం పంచితిమి. గిప్పుడు ఉన్నదని జీపేసుకొనొస్తిరి. ఏది నమ్మాలె?”

“ఇప్పుడు చెప్పింది నిజం. అప్పటి తప్పు నాది. నంబరు మారిపోయింది.”

“నంబర్ మారితె పేరు జూడరా?”

“చూశారు. పేరు ఒకటే వచ్చింది.”

అప్పుడు జంగుబాయి చేట పక్కన పెట్టి, అవతలి ఇంటి వైపు తిరిగి గట్టిగా కేకేసింది. పద్దెనిమిదేళ్ల అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. జంగుబాయి ఆమెను చేయి పట్టుకుని నా ముందు నిలబెట్టింది.

“గీమె చిన్న జంగుబాయి. నేను పెద్ద జంగుబాయి. గీమె పెనిమిటి పేరు మన్కు, నా పెనిమిటి పేరు భీంరావ్. ఊర్లె పోరగాల్లనడిగినా చెప్తరు. మీకు తెల్వదా?”

తెలియదు. మా కంప్యూటర్‌లో పెద్ద, చిన్న లేవు. భర్త పేరుకు చోటు లేదు. చోటున్న ఒక్క నంబరునూ నేనే పాడుచేశాను.

ఆమె వచ్చింది. భీంరావు ఇష్టపడలేదు కానీ ఆమె వచ్చింది. మందులు మొదటి నుంచి మొదలుపెట్టారు, రోజూ సూదులతో సహా. నడుముకు రెండు వైపులా గడ్డలు కట్టేవి. ఏడాది పట్టింది, నయమైంది. కానీ వాళ్లింట్లో అత్తకు కూడా పరీక్ష చేస్తే కఫంలో క్రిములు కనిపించాయి. అప్పటికే బాగా ముదిరింది. ఆ వానాకాలం దాటలేదు. కోడలు మందులు మానిన ఆ రెండు నెలల్లో అంటుకుందా, అంతకుముందే ఉందా అంటే డాక్టరు గారు చెప్పలేనన్నారు. ఎవరూ చెప్పలేరు. భీంరావు నన్ను ఒక్క మాట అనలేదు. జంగుబాయిని తీసుకొచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి, తెర మీద పేరు వచ్చాక “పెద్దదేనా?” అని అడిగేవాడు. అవునని నేను చెప్పేదాకా కదిలేవాడు కాదు.

డాక్టరు గారి ఉపాయం, మురళీధర్ గారి ఉపాయం

ఆ నెలలోనే అన్నీ మార్చాను. ప్రతి రోగికీ ఒక సొంత నంబరు గడి పెట్టాను. చివరగా ఇచ్చిన నంబరు ఎంతో గుర్తుంచుకోవడానికి ఒకే వరుస ఉన్న చిన్న ఫైలు విడిగా చేశాను. కొత్త మనిషి రాగానే అందులోని అంకెకు ఒకటి కలిపి ఆయనకిచ్చి, కలిపిన అంకెను అందులో దాచాలి. అప్పట్లో ఆ పని యంత్రం తనంతట తాను చేసేది కాదు, ప్రోగ్రాం మనం రాసుకోవాలి. చనిపోయినవాళ్లకు ఒక గుర్తు. ఎవరినీ తీసేయడం లేదు.

డాక్టరు గారికి ఇది సరిపోలేదు. “నంబర్లనే నమ్ముకొని మునిగినం. పేరు, తండ్రి పేరు, ఊరు కలిపి పెట్టు. మనిషిని గుర్తుపట్టడానికి అవి చాలవా?” అన్నారు.

చాలవు. ఆడమనిషికి పెళ్లయ్యాక తండ్రి పేరా, భర్త పేరా? భీంరావును ఒకరు బీమ్‌రావ్ అని, ఒకరు భీమారావు అని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా కొడతారు. అక్షరం తేడా వస్తే యంత్రానికి అది వేరే మనిషి. ఒకే పేరుతో అన్నదమ్ముల పిల్లలు ఇద్దరుంటే వాళ్లు ఒకే మనిషి. పేరు వెతకడానికి పనికొస్తుంది, నిర్ధారించుకోవడానికి పనికొస్తుంది, గుర్తుగా పనికిరాదు. వారం రోజులు వాదించాను. చివరికి ఆయన ఒప్పుకోలేదు, విసుగొచ్చి వదిలేశారు.

తొంభైల మధ్యలో నన్ను కరీంనగర్ పెద్దాఫీసుకు మార్చారు. అక్కడ పరిపాలనాధికారి మురళీధర్ గారు. హైదరాబాద్‌లో ఏదో పెద్ద కంపెనీలో చేసి వచ్చారు. ఆయనకు ఉత్త నంబరు నచ్చదు.

“నంబర్ చూస్తే మొత్తం తెల్వాలె సుగుణ గారూ. మండలం, సంవత్సరం, ఆడ మగ, జబ్బు రకం. నంబర్‌ల దిమాగ్ ఉండాలె.”

“దిమాగ్ మనకుంటే చాలు సార్. మనిషి మండలం మారితే?”

“ఎంతమంది మారుతరు?”

నా మాట చెల్లలేదు. పదమూడు అంకెల నంబరు పెట్టారు. ఏడాదిన్నర తిరక్కుండానే బోథ్ నుంచి ఒకాయన వచ్చాడు. మూడు కార్డులు దారంతో కట్టుకుని తెచ్చుకున్నాడు. మొదటిది బోథ్‌లో ఉన్నప్పటిది. కూలికి మంథని పోయినప్పుడు మండలం మారిందని రెండోది ఇచ్చారు. ఊపిరితిత్తుల జబ్బు అనుకున్నది గడ్డల జబ్బని తేలాక మూడోది. మూడు నంబర్లు, ఒకే మనిషి. ఏ కార్డు చూపించినా మూడో వంతు చరిత్రే కనిపిస్తుంది. “ఏది సూపియ్యాలె అవ్వా?” అని నన్ను అడిగాడు. నేను ఆ మూడు కార్డులూ, ఆయన్నీ మురళీధర్ గారి గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి బయటికొచ్చేశాను. గంటన్నర తర్వాత ఆ పద్ధతి రద్దయింది.

నంబరులో అర్థం పెడితే, ఆ అర్థం మారిన రోజున నంబరూ మారాలి. మారే నంబరు నంబరే కాదు. ఇంతకంటే తేలిగ్గా చెప్పడం నాకు చేతకాదు.

రాజేశ్వరి మెమో

తర్వాత డీబేస్ స్థానంలో యాక్సెస్ అనే కొత్త ప్రోగ్రాం వచ్చింది. అందులో ఆటోనంబర్ ఉంటుంది. కొత్త వరుస మొదలుపెట్టగానే తర్వాతి నంబరు అదే వేస్తుంది. ఆ వరుసను తీసేసినా మిగతావాళ్ల నంబర్లు జరగవు. ఆ గడినే ప్రైమరీ కీగా పెట్టాను. ప్రైమరీ కీ అంటే ఆ పట్టికలో ఏ ఇద్దరికీ ఒకటి కాకుండా యంత్రమే కాపలా కాసే గడి. ఇక నా పోరు అయిపోయిందనుకున్నాను.

కౌంటర్లో పేర్లు ఎక్కించే పని రాజేశ్వరిది. ఇంటర్ చదివింది. భర్త లారీ డ్రైవరు. కోడలు ఉద్యోగానికి పోవడం అత్తకు ఇష్టం లేదు. రోజూ ఏదో ఒకటి విని వచ్చేది. పని మాత్రం శ్రద్ధగా చేసేది. తప్పు ఎక్కించడం నేను చూడలేదు.

ట్రస్టు పెద్దలు తనిఖీకి వస్తున్నారని మురళీధర్ గారు జాబితా అచ్చుతీయించారు. నంబర్ల మధ్య ఖాళీలున్నాయి. డెబ్బై ఒకటి తర్వాత డెబ్బై నాలుగు. నూటొకటి తర్వాత నూటమూడు. మొత్తం కలిపితే వందకు పైగా నంబర్లు కనిపించలేదు. నన్ను అడగలేదు. ఆ రోజు నేను మంథని క్లినిక్‌లో ఉన్నాను. మర్నాడు వచ్చేసరికి రాజేశ్వరి చేతిలో మెమో ఉంది. రోగుల పేర్లు ఎవరి అనుమతితో తొలగించారు, మరణాలు బయటపడకుండా చేశారా, మూడు రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే చర్య తీసుకుంటాం అని ఇంగ్లీషులో. ఆఫీసంతా పాకింది. అక్కడి నుంచి వాళ్ల వాడకు పోయింది.

“నేను ఒక్క పేరు తీసెయ్యలే మేడం” అంది. ఏడవడం లేదు. మొహం గట్టిగా పెట్టుకుని ఉంది. “మా అత్త రాత్రి నుంచి ఒకటే మాట. చచ్చిపోయినోళ్ల పేర్లు మాయం జేసినవంట గదా అని.”

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమెను వెంటబెట్టుకుని మురళీధర్ గారి గదికెళ్లాను.

“సార్, కౌంటర్ దగ్గరికి రండి.”

“మెమో కి జవాబ్ రాసియ్యమనుండ్రి. అంతే.”

“జవాబు కౌంటర్ దగ్గరుంది. రండి.”

వచ్చారు. కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టాను. కొత్త రోగి ఫారం తెరిచి, పేరు గడిలో ఒక్క అక్షరం కొట్టమన్నాను. కొట్టారు. పక్కన నంబరు పడింది, రెండు వేల నలభై.

“ఇప్పుడు వద్దనుకున్నారు. ఎస్కేప్ కొట్టండి. ఇంకోసారి.”

కొట్టారు. అక్షరం పోయింది, నంబరు పోయింది.

“మళ్లీ ఒక అక్షరం కొట్టండి.”

రెండు వేల నలభై ఒకటి పడింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

“నలభై ఏమైంది?”

“ఎక్కడికీ పోలేదు సార్, ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వబోయి ఆగినా యంత్రం దాన్ని మళ్లీ వాడదు. ఇప్పుడు మీరు తీసేసింది ఏ రోగినో చెప్పండి. మెమో రాస్తాను.”

నేను రాజేశ్వరిని అడిగాను, నువ్వు మధ్యలో ఎందుకు ఆపుతావు అని.

“కొత్తోళ్లమని వస్తరు మేడం. పేరు కొట్టుడు షురూ చేస్త. జర సేపటికి, మా ఇంటాయన తాన నా పాత కార్డు ఉన్నది అంటరు. బయట నిలబడ్డ మనిషిని పిలిపించి చూస్తె నిజంగనె ఉంటది. గప్పుడు గిది కొట్టేసి పాత నంబర్ మీదనె రాస్త. లేకుంటె ఒక్క మనిషికి రెండు నంబర్లయితయి గద.”

నేను చెప్పకుండానే చేసింది. అంటే ఆ ఖాళీల్లో చాలావరకు ఆమె తప్పు జరగకుండా ఆపిన చోట్లు. ఆ చోట్లకే ఆమెకు మెమో ఇచ్చారు.

మురళీధర్ గారు లేచి నిలబడ్డారు. “ఠీక్ హై. మెమో వాపస్ తీసుకుంటున్న. నువ్వు ఫికర్ చెయ్యకు రాజేశ్వరీ. పో, పని చూసుకో.”

ఆమె కదల్లేదు.

“మెమో కాగితం మీద ఇచ్చిన్రు సార్. వాపస్ నోటి మాటతోనా? తప్పు నాది కాదని గూడ కాగితం మీద రాసియ్యుండ్రి. తెలుగుల రాయుండ్రి. మా అత్తకు చదివిపియ్యాలె.”

కౌంటర్లో పనిచేసేవాళ్లలో ఆయనకు అలా ఎదురు చెప్పినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. ఆయన నాకు సైగ చేశారు. నేను తెలుగు టైపు మిషను ముందు కూర్చున్నాను. ఆయన తడుముకుంటూ చెప్పారు, నేను కొట్టాను. శ్రీమతి రాజేశ్వరి ఏ రోగి పేరూ తొలగించలేదని విచారణలో తేలింది, ఇచ్చిన మెమో పొరపాటున ఇచ్చింది, ఆమె పని పద్ధతి సరైనది అని. సంతకం పెట్టి ఆమె చేతికిచ్చారు.

రాజేశ్వరి నిలబడే మొత్తం చదివింది. రెండోసారి చదివింది. తర్వాత కాగితాన్ని తిరిగి నా బల్ల మీద పెట్టింది.

“మేడం, పేరొక్కటే రాస్తె ఎట్ల? వార్డుల గూడ ఒక రాజేశ్వరి ఉన్నది గద. నా ఉద్యోగం నంబర్ గూడ కొట్టుండ్రి.”

మురళీధర్ గారు నా వైపు చూశారు. నేను కాగితం మళ్లీ మిషనులోకి ఎక్కించి, ఆమె పేరు పక్కన నంబరు కొట్టాను.